చింతమానుకు మొదటి విస్తరి

కొండకిందిపల్లి,
పెనుకొండ తాలూకా,
5-12-1958.

చిరంజీవి సౌభాగ్యవతి అక్కమ్మకు మీ అమ్మ గంగులమ్మ మనసారా దీవించి రాసే ఉత్తరం.

ఇక్కడ నేను, మీ నాయన, రెండెద్దులు, ఈనిన ఎనుము, దాని దూడ, ఊరి ముందర నిలబడి ఉన్న పెద్దల్లుడు, అందరం దేవుడి దయవల్ల బాగున్నాం. అక్కడ నువ్వు, నీ కడుపులో ఉన్న బిడ్డ, మీ ఆయన, మీ అత్త అంజనమ్మ, మీ రెండు మగ్గాలు, అందరూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న సోమవారం అందింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అవి నీవి కావని నాకు తెలుసులే. నా తమ్ముడు వీధిబడిలో కూర్చుంటే, నేను వాడి పక్కన చేరి ఇసుకలో దిద్ది దిద్ది నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. నువ్వేమో మూడో తరగతిలో పలక నేలకేసి కొట్టి వచ్చి, "నాకు సదువొద్దు మా, మేకలు తోలుకుంటా" అన్నావు. తన్నినా పోలేదు. ఇప్పుడు చూడు, నీ మాట రాసేదీ మీ ఆయనే, నా మాట చదివి వినిపించేదీ మీ ఆయనే. నీ ఉత్తరంలో "మా ఆయన నన్ను బాగా చూసుకుంటున్నారు" అని మూడు చోట్ల ఉంది. నువ్వు చెప్పింది ఎన్నిసార్లో, రాసిన చెయ్యి చేర్చింది ఎన్నిసార్లో నేను అడగను. మూడుసార్లూ నిజమైతే మూడింతలు సంతోషం.

ఒక్క మనవి మాత్రం ఉంది. ఈ ఉత్తరం చదివే మనిషి ఉన్నదున్నట్టు చదవాలి. తన పేరు వచ్చిన చోట దగ్గకూడదు, నడుమ కాగితం తిప్పేసి "అంతా క్షేమమేనంట" అనకూడదు. నాలుగు కాగితాలు రాశాను. నాలుగూ వినిపించాడో లేదో లెక్కబెట్టుకో, అంతవరకు నీకు లెక్కలు వచ్చులే.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. మీ నాయన మోకాలు బాగుంది. చెనిక్కాయలు ఒలవమంటే నొప్పి, హిందూపురం సంతకు పోదామంటే నొప్పి లేదు. ఎనుముకు ఆడదూడ పుట్టింది, నుదుటి మీద తెల్ల మచ్చ. జున్ను అందరికీ పంచాను, నువ్వు లేవని ఏడ్చాను, ఏడ్చినాక నీ వంతు కూడా మీ నాయనే తిన్నాడు. మీ ఆయన చెప్పులు హిందూపురం సంతలో పోయాయని, కాలికి ముల్లు గుచ్చుకుని రెండు రోజులు కుంటాడని రాయించావు. పసుపు, ఉప్పు వేసి కాపడం పెట్టు. చెప్పుల సంగతి చివర్లో రాస్తాను.

ఇక నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న. ధర్మవరం స్టేషన్‌లో కూడా చెప్పుకుంటున్నారని, మన ఊరి చింతమాను నోరు తెరిచి మాట్లాడిందని, అదీ మీ అమ్మతోనే మాట్లాడిందని, నిజమేనా అని రాయించావు. మాట్లాడింది నిజమే. కానీ ఆ సంగతి రాయాలంటే మాను కథ మొదటినుంచీ రాయాలి. నీకు అది జోలపాటతోనే తెలుసు. చదివే మనిషికి తెలియదు. రెండేళ్ళ కిందట ఎవరైనా ఒకరు కూర్చోబెట్టి చెప్పి ఉంటే మనకు ఇంత గోల ఉండేది కాదు. అందుకని ఓపిగ్గా వినండి.

పెనుకొండలో రాయలు ఉన్న కాలంలో, గోరంట్ల తట్టు నుంచి ఒక కొత్తల్లుడు పుష్య పున్నమికి మన ఊరికి వచ్చాడట. వంటకు అత్త ఒక్కతే. ఓళిగల పూర్ణానికి పప్పు ఉడకలేదు, పొయ్యి మండలేదు, భోజనం పొద్దు వాలేదాకా కాలేదు. అల్లుడికి కోపం వచ్చింది. లేచిపోయి ఊరి ముందర బాట పక్కన గొంతుకూర్చున్నాడు. మామ పోయి బతిమాలాడు, ఊరి పెద్దలు పోయి బతిమాలారు, కదల్లేదు. మూడో రోజు అత్తకు ఒళ్ళు మండి, "కూకుంటే కూకో! మాను మాదిరి ఆడ్నే ఉండు!" అని అరిచిందట. పొద్దున్నే చూస్తే పాదాలు భూమిలోకి దిగి ఉన్నాయి. మధ్యాహ్నానికి నడుం దాకా బెరడు. అత్త గుండె బాదుకుంటూ విస్తరి పట్టుకుని పరిగెత్తే సరికి నోరు ఒక్కటే మిగిలిందట. ఆ నోటితో ఆ మహానుభావుడు ఆఖరిసారి అన్న మాట, "నెయ్యి ఏసినావా?"

అంతే, నోరు మూసుకుపోయింది. ఆ కోపం కాయల్లోకి దిగింది. అందుకే మన మాను కాయ విరిస్తే లోపల ఎర్రగా ఉంటుంది, ఈ చుట్టుపట్ల ఇంకే చింతకూ అట్లా ఉండదు. ఆరుగురు మగవాళ్ళు చేతులు చాచి పట్టుకుంటేగానీ దాని చుట్టు అందదు. చింతచెట్టు కింద దయ్యాలుంటాయని లోకమంతా భయపడుతుంది. మన మానుకు ఆ బాధే లేదు. అలిగిన అల్లుడు ఉన్న చోట దయ్యం మాత్రం ఏం కాపురం చేస్తుంది?

ఆ రోజు నుంచి అతను ఊరికంతటికీ పెద్దల్లుడు. పుష్య పున్నమినాడు కొత్త పంచ కట్టి, మొదటి విస్తరి అతనికి పెట్టి, ఆ తర్వాతే ఊళ్ళో ఎవరైనా ముద్ద ముట్టాలి. అతనికి పెట్టనిదే ఎవరూ కాయ కొయ్యకూడదు. అత్తలైన ఆడవాళ్ళు అతనికి ముఖం చూపకూడదు, మాట్లాడకూడదు, ఆ అత్త అన్న మాటకు ఇది ఊరు పడే సిగ్గు. నీ పెళ్ళి అయ్యేదాకా నేనూ ఆ నీడలోనే కాళ్ళు చాపుకుని చెనిక్కాయలు ఒలుచుకున్నాను. నీ మెడలో తాళి పడిన మర్నాటి నుంచి కొంగు అడ్డం పెట్టుకుని చేని గట్టు మీద తిరిగి పోతున్నాను. బస్సు మాను కిందే ఆగుతుంది, మాకేమో అక్కడ ఎక్కే వీలు లేదు. కండక్టరు చెన్నకేశవులు రోజూ అరుస్తాడు, "ఏమ్మా, ఈ ఊర్లో ముసలమ్మలంతా బస్సు స్టాపులో ఎక్కకుండా చేన్లో నుంచి ఎగబడతారేమ్మా!" అని. అతనికి ఇంకా పెళ్ళి కాలేదు, తెలియదు.

ఇప్పుడు ఆ పున్నమి సంగతి. మీ ఆయన వాళ్ళు మన తట్టు మనుషులే అయినా, రెండు తరాల కింద కరువుకు ధర్మవరం చేరి మగ్గం పట్టినవాళ్ళు. ఈ కథలు వాళ్ళ దాకా పోలేదు. పెళ్ళి తర్వాత మొదటి పున్నమి అని నిన్ను ముందే తెచ్చుకుని, అతన్ని పిలిచాం. పాపం, తెల్లారుజామున రైలెక్కి, పెనుకొండలో దిగి, బస్సు పట్టుకుని ఆకలితో వచ్చాడు. పీట వేశాం, విస్తరి వేశాం, నీళ్ళు పెట్టాం. పెట్టి, "ఉండప్పా, పెద్దల్లుడు తిననీ" అన్నాడు మీ నాయన. నువ్వేమో మాకు ఒక్కతే కూతురివి. అతని ముఖం చూడాల్సింది. తలుపు సందులోంచి నేను చూశాను.

ఆ రోజు తప్పెటలవాళ్ళు ఆలస్యంగా వచ్చారు. ఊరి పెద్ద పెద్దప్ప మాను దాకా పోయి, నెయ్యి మరిచానని మళ్ళీ ఇంటికి వచ్చాడు. పెద్దప్పకు ఎనభై ఏళ్ళు, ఆయన పోయి రావడమంటే ఒక పూట. మీ ఆయన రెండు గంటలు ఖాళీ విస్తరి ముందు కూర్చున్నాడు. చివరికి లేచి, ఈ పెద్దల్లుడు ఎవరో చూద్దామని ఊరి ముందరికి వచ్చాడు. వస్తే ఏముంది, ఊరంతా చేరి ఒక చింతచెట్టుకు పంచ కట్టి, ఓళిగల మీద నెయ్యి పోసి, "తినప్పా, తినప్పా" అంటున్నారు. "చెట్టు తిన్నాక నాకు పెడతారా? ఆ చెట్టుకే ఇచ్చుకోండి మీ కూతుర్ని!" అని, బస్సు వచ్చేదాకా అని బాట పక్కన గొంతుకూర్చున్నాడు.

అక్కమ్మా, ఎక్కడ కూర్చున్నాడు, ఎట్లా కూర్చున్నాడు! సరిగ్గా ఆ కథలో మాదిరే. కొత్తల్లుడు, పుష్య పున్నమి, ఆలస్యమైన భోజనం, ఓళిగలు.  చేని గట్టు మీద నుంచి గొంతు చించుకుని అరిచాను, "లేపండప్పా! కూకోనీయకండి! ఎత్తి బస్సులో ఎయ్యండి!" అని. మీ నాయన, మన వీధి లక్ష్మన్న, ఇంకో ఇద్దరు పరిగెత్తారు. చెనిక్కాయ మూటను ఎత్తినట్టు రెక్కలు, కాళ్ళు పట్టి ఎత్తి, అప్పుడే వచ్చిన బస్సులో పడేశారు. లక్ష్మన్న అయితే అతని పాదాలు తిప్పి తిప్పి చూసి, "ఇంకా దిగలేదప్పా, దేవుడు సల్లంగా సూసినాడు" అన్నాడట. ఆ మాటకు మీ ఆయన ఏమనుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. చెన్నకేశవులు రైట్ రైట్ అన్నాడు. బస్సు పోయింది. ఇంట్లో ఆ విస్తరి అట్లాగే ఉంది.

రెండు రోజుల తర్వాత నిన్ను రైలెక్కించాం. ఆ పోవడమే పోవడం, రెండేళ్ళు కావస్తోంది. భోజనం పెట్టకుండా అత్తగారి ఊరివాళ్ళు ఎత్తి పారేశారని అతని బాధ. అతని తప్పేముంది? "నువ్వు చెట్టయిపోతావని భయపడి ఎత్తినామప్పా" అని అల్లుడికి ఎవరు చెప్తారు? మీ నాయన చెప్పడానికి రెండుసార్లు బయలుదేరాడు. మొదటిసారి ధర్మవరం స్టేషన్‌లో కాఫీ తాగి తిరిగొచ్చాడు. రెండోసారి మీ వీధి మలుపు దాకా వచ్చి, మగ్గం చప్పుడు విని, "అల్లుడు పనిలో ఉన్నట్టుండాడు" అని తిరిగొచ్చాడు. పని లేకుండా మగ్గం ఎప్పుడు ఉంటుంది?

ఇంతలో దసరా ముందర నీకు నెల తప్పిన సంగతి తెలిసింది. ఇప్పుడు ఐదో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ మీ అత్త, "కాన్పు ఈడ్నే, కోడలిని ఆ ఊరికి పంపేది లేదు" అన్నట్టు దీనికి ముందరి ఉత్తరంలో రాయించావు. ఆ ఉత్తరం చదివినాక నేను మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నిన్ను కన్నప్పుడు మా అమ్మ నా తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఒడి లేకపోతే నేను బతికేదాన్ని కాదు. నా బిడ్డకు ఆ ఒడి లేకుండా పోతుందా అని ఒకటే దిగులు. ఎవరితో చెప్పుకోను? మీ నాయనతో చెప్తే మోకాలు నొప్పి అంటాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, బాట మీద నరమనిషి లేని వేళ, కొంగు నిండా కప్పుకుని మాను దగ్గరికి పోయాను. నిజం, గట్టు మీద నుంచి కాదు, మొదలు దాకా పోయాను. పోయి అడిగేశాను.

"ఏమప్పా పెద్దల్లుడా! నీకు ముఖం సూపకూడదని ఇన్నాళ్ళు తలకాయ వంచుకోని పోయినా. ఈ పొద్దు అడగాల్సింది అడిగే పోతా. ఒక పూట ఆకలికి ఓర్చుకోల్యాక నువ్వు మానైతివి. నిన్ను జూసి ఇంగొగడు అలగడం నేర్చినాడు. నా బిడ్డ కడుపుతో ఉండాది. తొలి కాన్పు. నొప్పులొస్తే దాని తల యా ఒళ్ళో పెట్టుకోవల్ల? మగ్గం గుంతలో పెట్టుకోవల్లనా? ఆ పొద్దు లేపండని అరిసింది నేనే. తరిమేదానికి కాదప్పా! నీ మాదిరి ఆ బిడ్డ మొగుడు గూడా ఈడ్నే ఏర్లు దిగిపోతాడేమో అని బయంతో అరిస్తి. వాడు మానైపోతే నా బిడ్డ యాడికి పోవల్ల? చెట్టుకు కాపరం చేస్తాదా? తప్పు నాదే. ఆకలిగొని వచ్చినోనికి ఒక ముద్ద పెట్టకుండా ఆచారం ఆచారం అని కూకున్యా. ఆ సంగతి వానికి చెప్పేవాళ్ళు ల్యాకపాయిరి, అత్తను గాబట్టి నేను నోరు తెరిచి చెప్పకూడదంట. అందుకే నీతో చెప్తాండా. ఇనపడ్నాదా?"

 తర్వాత పైనుంచి, కొమ్మల నడుమ నుంచి ఒక మగ గొంతు వచ్చింది.

"ఇనపడ్నాది అత్తా. నాకు తెలీదత్తా. పిలిస్తే వస్తా."

ఆ మాటతో పాటు ఫటేలుమని కొమ్మ విరిగింది. పచ్చికాయలు జడివానలా నా మీద పడ్డాయి. వెనక నుంచి ఇంకో చప్పుడు, అది మన పక్కింటి కదిరమ్మ బిందె. నీళ్ళకని వస్తూ చివరి మాట విన్నది. బిందె పడేసి, "పెద్దల్లుడు నోరు తెరిచినాడు! గంగులమ్మక్కతో మాట్లాడినాడు!" అని కేకలు పెట్టుకుంటూ ఊళ్ళోకి పరిగెత్తింది. ఆ మనిషికి ఆయాసం అంటారు, ఆ రోజు ఏ ఆయాసమూ లేదు.

రెండు నిమిషాల్లో ఊరంతా మాను చుట్టూ చేరింది. నేను మొదట్లో వేరు మీద కూర్చుండిపోయాను. ఎవరు పిలిచినా లేవలేదు. పూనకం అన్నారు, దిష్టి అన్నారు. మీ నాయన చూసి బావురుమన్నాడు, "లేపండప్పా నా పెండ్లాన్ని! ఏర్లు దిగుతాయి! దీని నోటికి ఇది మానైతే ఊర్లో ఎవరూ బతకరప్పా!" అని. ఆ ఏడుపులో కూడా నన్ను అనడం మానలేదు. లక్ష్మన్న నా రెక్క పట్టుకోబోతే చెయ్యి మీద ఒకటి ఇచ్చాను. రెండు గంటలు అట్లాగే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో అదీ చివర్లోనే రాస్తాను.

అక్కడే పంచాయితీ మొదలైంది. పెద్దప్ప కట్టె ఊనుకుంటూ వచ్చి, నా ముఖం వైపు చూడకుండా మాను వైపు చూస్తూ అడిగాడు. "ఏమన్నాడు గంగులమ్మా? నెయ్యి అడిగినాడా?"

"నెయ్యి కాదు మామా," అంటూ కదిరమ్మే జవాబు చెప్పింది. "పిలిస్తే వస్తా అన్నాడు. నా రెండు చెవులతో ఇన్న్యా."

పెద్దప్ప ముఖం తెల్లబోయింది. "వస్తాడా? యాడికి వస్తాడు? ఇంత మాను ఊర్లోకి వస్తే ఇండ్లేం గావల్ల? ఆ సందులో నా ఇల్లే మొదటిది గదా!"

అప్పుడు చూడాలి జనాన్ని. ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు, ఎక్కడ పిలిచామనుకుని మాను బయలుదేరుతుందో అని. లక్ష్మన్న తన పెళ్ళాన్ని చేత్తో సైగ చేసి ఇంటికి పొమ్మన్నాడు. భయంతో కొంతమంది గోడలు గట్టి చేసుకోవాలనే మాట కూడా తెచ్చారు. అది చూసి నాకు ఒక ఆలోచన వచ్చింది. మంచిదో చెడ్డదో ఇప్పటికీ తెలియదు. నోరు తెరిచి చెప్పాను.

"మామా, కదిరమ్మ ఇనింది తోక మాత్రమే. ముందర ఇంకా చెప్పినాడు. 'ఇన్ని తరాలు నేనే ముందు తిన్యా. నా ఎనకాల వచ్చినోళ్ళు ఆకలితో కూకోని నన్ను తిట్టుకుంటాండారు. ఆ ఉసురు నాకొద్దు. ఇంగ నుంచి ఇంటల్లుండ్లను పిలవండి, ముందు వాళ్ళకు పెట్టండి. వాళ్ళు తిన్యాక, నన్ను పిలిస్తే వస్తా' అన్నాడు. వస్తా అంటే తినేదానికి సిద్ధమవుతా అని. ఊర్లోకి కాదు."

అందరూ ఊపిరి వదిలారు. లక్ష్మన్న మాత్రం, "ఇన్ని తరాల ఆచారం ఎట్ల మార్చేదప్పా" అన్నాడు. పెద్దప్ప కట్టె నేలకేసి కొట్టి, "మానే చెప్పినాక నీదేమిరా! పెద్దోని మాట పెద్దోని మాదిరే ఉండాది" అన్నాడు. ఊళ్ళో పదకొండు మంది అల్లుళ్ళున్నారు. వాళ్ళ అత్తలు గట్టు మీద నిలబడి కొంగు వెనకాల నవ్వుకోవడం నాకు వినిపించింది. ఈ పుష్య పున్నమికి మొదటి విస్తరి ఇంటల్లుళ్ళకే అని మానుకు పసుపు కుంకుమ పెట్టి తీర్మానం చేశారు.

అప్పటి నుంచి జనం తగ్గలేదు. గోరంట్ల నుంచి, హిందూపురం నుంచి వచ్చి మానును అడుగుతారు. వాన ఎప్పుడు పడుతుంది, పోయిన ఎద్దు యాడుంది, బదిలీ ఎప్పుడు అవుతుంది అని. అడిగినవాళ్ళకంతా చెప్పడానికి అతనేమైనా బ్లాకాఫీసు గుమాస్తానా? చెన్నకేశవులు కూడా బస్సు ఐదు నిమిషాలు ఎక్కువ ఆపి, ఎవరూ చూడకుండా పోయి పెళ్ళి సంగతి అడిగాడట.

ఆ మాను నోట్లో లేని మాట పెట్టానని నాకు మాత్రం దిగులుగానే ఉంది. మర్నాడు గిన్నెలో నెయ్యి తీసుకుపోయి వేరు మీద పోసి, "తప్పుగా అనుకోవద్దప్పా, బిడ్డ కోసం చెప్తి" అన్నాను. ఒక్క ఆకు కదల్లేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. మీ ఆయన చీరలు ఇవ్వడానికి హిందూపురం పోయి, వస్తూ సంతలో కొన్నానని తువ్వాలు నిండా పచ్చి చింతకాయలు తెచ్చాడని రాయించావు. విరిస్తే లోపల ఎర్రగా ఉన్నాయని, పుల్లపుల్లగా తింటే ప్రాణం లేచి వచ్చిందని రాయించావు. "అమ్మా, హిందూపురం సంతలో ఎర్ర చింతకాయ దొరుకుతుందా?" అని అడిగావు. పాపం, ఆ ప్రశ్న రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. అంత ముత్యాల్లాంటి ఉత్తరంలో ఆ ఒక్క చోటే సిరా ఒలికింది. అయినా దాచకుండా రాశాడు చూడు, అందుకు మెచ్చుకుంటున్నాను.

దొరకదు తల్లీ. హిందూపురం సంతకు బండ్ల కొద్దీ చింతపండు వస్తుంది, ఎర్రది రాదు. ఎర్రకాయ ఒక్క మానుకే ఉంది.

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పనిది రాస్తాను. మీ నాయనకు కూడా చెప్పలేదు, చెప్తే సంతలో చాటింపు వేస్తాడు. ఆ రోజు మాను కింద అడుగు పెట్టకముందే నాకు తెలుసు. వేర్ల నడుమ ఒక జత చెప్పులు విడిచి ఉన్నాయి. మీ పెళ్ళిలో మేము పెట్టిన చెప్పులే. మీ నాయన తన కాలి కొలత ఇచ్చి కుట్టించాడు, అవి మీ ఆయనకు పెద్దవయ్యాయి. ముందర కాగితం ఉండ చేసి కుక్కి ఉంది. రెండేళ్ళుగా వాటినే తొడుగుతున్నాడు, మడమలు అరిగిపోయి ఉన్నాయి. పనికిమాలిన అత్తగారింటి చెప్పులని పారేయలేదు, కాగితం కుక్కుకుని మరీ తొడిగాడు. అది చూసే నాకు ధైర్యం వచ్చింది. పైకి చూడలేదు. చూస్తే అల్లుడి ముఖం చూసినట్టవుతుంది, మాట పెగలదు. కొంగు కప్పుకుని మానును అడిగాను. అడిగినవన్నీ కొమ్మ మీద ఉన్న అల్లుడినే.

కదిరమ్మ అరుపుకు అతను అవతలి వైపు దూకి, తువ్వాలు మూట పట్టుకుని కొర్ర చేనుకు అడ్డంపడి పరిగెత్తాడు. చెప్పులు ఇవతల ఉండిపోయాయి. ఊరు చూస్తే ఏముంది, పున్నమికి ముందే పెద్దల్లుడి కాయ కోశాడని పంచాయితీ ఒకటి, మళ్ళీ ఎత్తడం ఒకటి. అందుకని చెప్పుల మీద చీర పరిచి కూర్చున్నాను. అదీ ఆ రెండు గంటల పూనకం. ఒక చెప్పుకు మేకు తేలి ఉంది, ఆ గుర్తు నాకు ఇంకా పోలేదు.

అక్కమ్మా, ఇంక ఈ నాలుగు ముక్కలు నీకు కాదు. నువ్వు విను, అంతే. చదివే మనిషి గొంతు దించకుండా చదవాలి.

నాయనా వీరభద్రయ్యా. అత్త అల్లుడికి ఎదురుపడకూడదంటారు, కాగితం మీద ఎదురుపడకూడదని ఎవరూ అనలేదు. నీతో నేరుగా మాట్లాడడం నాకు ఇదే మొదలు, తప్పుంటే పెద్దమనసు చేసుకో. ఆ పున్నమినాడు నిన్ను ఆకలితో కూర్చోబెట్టింది నేను. పెద్దప్ప కూడా, "ఆ పిల్లోనికి ఏమన్నా పెట్టమ్మా" అన్నాడు, నేనే వద్దన్నాను. ఎత్తమని అరిచిందీ నేనే. కడుపుతో ఉన్న నా బిడ్డ నోటికి పులుపు కోసం, అడుగు పెట్టనన్న ఊరికి వచ్చి, దొంగలా చెట్టెక్కి, ముళ్ళల్లో ఉత్తకాళ్ళతో పరిగెత్తావు. ఇంతకంటే మంచి అల్లుడు ఏ అత్తకు ఉంటాడు? నీ చెప్పులు మేకు కొట్టించి, నూనె రాసి, బియ్యం వాడెలో దాచి ఉంచాను. కొత్తవి కొనుక్కోవద్దు.

పుష్య పున్నమికి అక్కమ్మకు ఏడో నెల పడుతుంది. మొదటి విస్తరి నీది. నువ్వు వచ్చేలోపే నెయ్యి వేసి ఉంటుంది. పిలిస్తే వస్తానన్నావు. పిలుస్తున్నాను, నా బిడ్డను తీసుకుని రా నాయనా.

ఇట్లు,
అక్కమ్మకు అమ్మ, నీకు అత్త,
గంగులమ్మ.